స్వామి జ్ఞానానంద: యోగసాధన నుంచి అణుభౌతికానికి

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాకు ఉన్న పెద్ద శత్రువు, మూలకాలన్నిటిలోకీ తేలికైన హైడ్రోజన్. కరిగిన ఉక్కులో పది లక్షల వంతులకు కొద్ది వంతుల హైడ్రోజన్ మిగిలిపోయినా చాలు, పట్టా చల్లారుతున్నప్పుడు లోలోపల వెంట్రుకవంటి పగుళ్లు పుడతాయి. పైకి పట్టా నున్నగానే కనిపిస్తుంది. అందుకే పట్టాల కోసం ఉద్దేశించిన ఉక్కును పోతపోయడానికి ముందు గాలి తీసివేసిన పాత్ర గుండా పంపి, అందులో కరిగి ఉన్న వాయువులను లాగివేస్తారు. అక్కడ పని శూన్యానిది.

ఉక్కు కర్మాగారాల్లో మరో పని న్యూట్రాన్‌ది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేసే కోక్‌లో తేమ ఎంత ఉందో తెలియకపోతే కొలిమి వేడి అదుపు తప్పుతుంది. కోక్ నిండిన తొట్టి గోడ పక్కన న్యూట్రాన్లను వెదజల్లే చిన్న పరికరాన్ని అమర్చి, ఆ తేమను అక్కడికక్కడే కొలిచే పద్ధతి ప్రపంచంలోని ఉక్కు కర్మాగారాలకు చాలాకాలంగా పరిచితం. నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గిన న్యూట్రాన్లను లెక్కిస్తే తేమ తెలుస్తుంది.

భిలాయి కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం మీదుగా భిలాయికి బతుకుతెరువు కోసం తరలివెళ్లాయి. అదే కాలంలో, ఆ దారికి ఇవతలి వైపున వాల్తేరులో, ఒక సన్యాసి అణుభౌతిక ప్రయోగశాలను నిర్మిస్తున్నారు. శూన్యాన్ని సృష్టించి కొలిచే విద్యపై ఆయన అప్పటికే న్యూయార్క్‌లో ఒక గ్రంథం ప్రచురించారు. న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ వద్ద పరిశోధన చేశారు. ఆయనే స్వామి జ్ఞానానంద.

పూర్వాశ్రమంలో ఆయన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామంలో 1896 డిసెంబరు 5న జన్మించారు. తండ్రి రామరాజుకు వేదవాఙ్మయంపైనా ప్రాచీన గ్రంథాలపైనా మక్కువ ఎక్కువ. ఇంట్లోనే గ్రంథ సేకరణ ఉండేది. బాలుడు నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదివాడు. డెల్టా ప్రాంతంలో కలిగిన కుటుంబాల పిల్లలకు అప్పట్లో తెరిచి ఉన్న దారులు రెండే: భూమి చూసుకోవడం, లేదా పై చదువులు చదివి వకాల్తా పుచ్చుకోవడం. ఆయన ఈ రెంటినీ కాదని, యౌవనంలోనే ఇల్లు విడిచి ఉత్తరాదికి వెళ్లిపోయారు. బుద్ధుని జీవితం ఆయనను గాఢంగా ఆకర్షించింది. హిమాలయ ప్రాంతాల్లో సుమారు ఒక దశాబ్దం యోగసాధనలో గడిపి, జ్ఞానానందగా మారారు. ఆ అనుభవాన్ని పూర్ణ సూత్రాలు అనే పేరుతో గ్రంథస్థం చేశారు.

1920 దశకం చివరలో ఆయన జర్మనీ వెళ్లారు. యోగాన్ని గురించి ఉపన్యసించడానికి భారతదేశం నుంచి వెళ్లిన స్వాములు అప్పటికే ఐరోపాలో కొందరున్నారు. జ్ఞానానంద కూడా అక్కడ ఉపన్యాసాలిచ్చారు. అలాగే కొనసాగి ఉంటే ఆశ్రమం, శిష్యబృందం, కొన్ని పుస్తకాలు మిగిలి ఉండేవి. కాని ఆ కాలంలో జర్మనీ గాలిలోనే భౌతికశాస్త్రం ఉంది. సాపేక్షతా సిద్ధాంతం, క్వాంటం సిద్ధాంతం దేశమంతటా చర్చల్లో ఉన్నాయి. స్వామి డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం చదవడానికి విద్యార్థిగా చేరారు.

యోగసాధనే ఆయనను భౌతికశాస్త్రానికి చేర్చిందని అనడం తేలిక. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ మాట ఆయన పడిన శ్రమను మరుగుపరుస్తుంది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు దాటాయి. కళాశాల విద్య అంటూ పెద్దగా లేదు. పదేళ్ల పాటు పుస్తకాలకు, పరీక్షలకు దూరంగా ఉన్న వ్యక్తి, పరాయి దేశంలో, తనకన్నా పదేళ్లు చిన్నవారి పక్కన కూర్చుని కలన గణితం నేర్చుకున్నారు. గురువుగా మన్ననలు అందుకుంటున్న స్థానం నుంచి దిగి విద్యార్థి బల్ల మీద కూర్చోవడం సన్యాసం స్వీకరించడం కన్నా తక్కువ త్యాగమేమీ కాదు.

డ్రెస్డెన్ నుంచి ఆయన చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ చేరారు. చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల పరిశోధనకు పేరుపొందిన ఆచార్యుడు వాత్స్లావ్ దోలెయ్‌షెక్ వద్ద చేరారు. పరమాణువు లోపలి పొరల్లోని ఎలక్ట్రాన్లు స్థానం మారినప్పుడు వెలువడే ఎక్స్‌రేలను కొలిచి, ఆ పరమాణువు నిర్మాణాన్ని తెలుసుకోవడం అక్కడి విద్య. గాలి ఉంటే మెత్తటి ఎక్స్‌రేలు దారిలోనే ఆగిపోతాయి. కనుక పరికరం లోపలంతా శూన్యం చేయాలి. పంపు తిప్పడం, అతుకులు పరీక్షించడం, ఎక్కడో కంటికి కనబడని రంధ్రం గుండా కారుతున్న గాలిని రోజుల తరబడి వెతకడం ఈ పనిలో నిత్యకృత్యం. స్వామికి శూన్యంతో పరిచయం ఇక్కడే బలపడింది. 1936 నాటికి ఆయన డాక్టరేట్ పొంది, ఇంగ్లండు బయలుదేరారు.

ఆ నిష్క్రమణ ఎంత సకాలంలో జరిగిందో ఆ తరువాతి సంఘటనలు చెబుతాయి. 1939 మార్చిలో నాజీ సేనలు ప్రాగ్‌లో ప్రవేశించాయి. అదే ఏడాది నవంబరు 17న చెక్ విశ్వవిద్యాలయాలన్నిటినీ మూసివేశారు. ప్రతిఘటన ఉద్యమంలో పాల్గొన్న దోలెయ్‌షెక్‌ను తరువాత గెస్టాపో నిర్బంధించింది. యుద్ధం మరి కొద్ది నెలల్లో ముగుస్తుందనగా, 1945 జనవరిలో, ఆయన తెరెజిన్ నిర్బంధంలో మరణించారు. స్వామి తొలి పాఠాలు నేర్చిన డ్రెస్డెన్ ఆ మరుసటి నెలలోనే బాంబు దాడుల్లో బూడిదైంది.

లివర్‌పూల్‌లో ఆయన ఆచార్యుడు జేమ్స్ చాడ్విక్. 1932 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్‌లో న్యూట్రాన్ ఉనికిని నిరూపించి, 1935లో నోబెల్ బహుమతి అందుకుని, అదే ఏడాది లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. చాడ్విక్ చేసిన ప్రయోగం చూడడానికి అతి సాధారణమైనది. పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బెరీలియం పలకను తాకుతాయి. బెరీలియం నుంచి విద్యుదావేశం లేని ఏదో కిరణం వెలువడుతుంది. దాని దారిలో పారఫిన్ మైనం ఉంచితే అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ప్రోటాన్లు, ఎగిరిపడతాయి. పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు ఈ సంగతిని కొద్ది వారాల ముందే చూశారు కాని, అది గామా కిరణమని భావించారు. ప్రోటాన్‌ను అంత బలంగా నెట్టాలంటే దాదాపు అంతే బరువున్న కణం కావాలని చాడ్విక్ గ్రహించి, కొలిచి నిరూపించారు. పొలోనియం, బెరీలియం ఉంచిన ఆ చిన్న గొట్టం ఈ చరిత్రలో నిలిచిపోయిన న్యూట్రాన్ మూలం. నేటి పరిశ్రమల్లో తేమను కొలిచే పరికరాల్లోనూ జరిగేది ఆ చర్యే. పొలోనియం స్థానంలో అమెరీషియం వచ్చింది, అంతే తేడా.

జ్ఞానానందకు చాడ్విక్ వద్ద లభించిన పరిశోధనాంశం బీటా వర్ణపట శాస్త్రం. న్యూట్రాన్ కనుగొన్న శాస్త్రవేత్త వద్ద చేరి బీటా కిరణాలపై పనిచేయడం పక్కదారిలా అనిపించవచ్చు. నిజానికి ఆ అంశం చాడ్విక్ హృదయానికి దగ్గరిది. 1914లో బెర్లిన్‌లో గైగర్ వద్ద ఉన్నప్పుడు, బీటా ఎలక్ట్రాన్లు ఒకే శక్తితో రాక రకరకాల శక్తులతో వస్తున్నాయని మొదట చూపినది ఆయనే. ఆ వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, బ్రిటిష్ పౌరుడైన చాడ్విక్‌ను జర్మన్లు నాలుగేళ్ల పాటు రూలెబెన్ శిబిరంలో నిర్బంధించారు. మిగతా శక్తి ఎటు పోతోందన్న ప్రశ్నకు 1930లో పౌలీ ఒక కొత్త కణాన్ని ఊహించి జవాబు చెప్పారు. 1934లో ఫెర్మీ దాన్ని సిద్ధాంతంగా మలిచారు. ఆ సిద్ధాంతం ప్రకారం బీటా కిరణమంటే కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతున్నప్పుడు వెలువడే ఎలక్ట్రాన్. కేంద్రకం బయట ఒంటరిగా ఉన్న న్యూట్రాన్ల సమూహంలో సగం దాదాపు పది నిమిషాల్లో ఇలాగే రూపాంతరం చెందుతాయి. కాబట్టి బీటా వర్ణపటాన్ని కొలిచేవాడు న్యూట్రాన్ స్వభావాన్నే మరో కొస నుంచి చదువుతున్నాడన్న మాట.

ఆ కొలతకు వాడే పరికరంలో రేడియోధార్మిక పదార్థాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచుతారు. వెలువడిన ఎలక్ట్రాన్లు తమ వేగాన్ని బట్టి పెద్ద వలయంగానో చిన్న వలయంగానో వంగి, ఒక సన్నని చీలిక గుండా లెక్కించే గొట్టానికి చేరతాయి. క్షేత్రాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ లెక్కిస్తూ పోతే వర్ణపటం తయారవుతుంది. ఒక్కొక్క బిందువుకు గంటలు పట్టవచ్చు. దారిలో గాలి అణువులుంటే ఎలక్ట్రాన్లు చెదిరి, కొలత అబద్ధమాడుతుంది. ప్రాగ్‌లో నేర్చిన శూన్యవిద్య ఇక్కడ మళ్లీ ఆయనకు పనికొచ్చింది. లివర్‌పూల్‌లోనూ ఆయన డాక్టరేట్ సాధించారు.

ఈలోగా ఆ విభాగం స్వరూపమే మారిపోయింది. చాడ్విక్ నిర్మించిన సైక్లోట్రాన్ 1939లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆవేశిత కణాలను వేగవంతం చేసి లక్ష్యానికి తాకిస్తే న్యూట్రాన్లు ధారాళంగా వస్తాయి. పొలోనియం గొట్టంతో పోలిస్తే అది ఊట పక్కన ఏరు. సరిగ్గా అప్పుడే యురేనియం విచ్ఛిత్తి బయటపడింది. యుద్ధం వచ్చింది. యురేనియం కేంద్రకాన్ని న్యూట్రాన్ ఎంత సులువుగా చీల్చగలదో కొలిచే పని లివర్‌పూల్ సైక్లోట్రాన్‌పై పడింది. ఆటో ఫ్రిష్, జోసెఫ్ రోట్‌బ్లాట్ వంటివారు అక్కడ పనిచేశారు. 1941 మే నెలలో జర్మన్ విమానాలు లివర్‌పూల్‌పై వరుసగా బాంబులు కురిపించాయి. బాంబు తయారీ అనివార్యమని తెలిసిన తరువాత చాడ్విక్‌కు నిద్రమాత్రలు లేనిదే నిద్రపట్టని స్థితి ఏర్పడింది. ఆయన 1943లో బ్రిటిష్ బృందానికి నాయకుడిగా అమెరికా వెళ్లారు. రోట్‌బ్లాట్ మాత్రం 1944 చివరలో మనస్సాక్షి ఒప్పుకోక లాస్ అలమోస్ నుంచి వైదొలిగారు.

జ్ఞానానంద పరిశోధన ఈ దారిలోకి వెళ్లలేదు. యుద్ధం తరువాత ఆయన అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చేరి, రేడియోధార్మిక ఐసోటోపులపై పనిచేశారు. 1947లో వాన్ నోస్ట్రాండ్ సంస్థ ఆయన గ్రంథాన్ని ప్రచురించింది. అధిక శూన్యం, దాని సూత్రాలు, దాన్ని సృష్టించే విధానాలు, కొలిచే పద్ధతులు అందులోని విషయం. పాఠకులు పారవశ్యం చెందే పుస్తకం కాదది. ప్రయోగశాలలో నూనె మరకల మధ్య తెరిచి పెట్టుకునే పుస్తకం. శూన్యం అనగానే తత్త్వశాస్త్రం వైపు మళ్లగల నేపథ్యం ఉన్న మనిషి, పంపుల గురించీ పీడన మాపకాల గురించీ రాశారు. ఆయన వ్యక్తిత్వాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఎంపిక చాలు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో స్వామి స్వదేశానికి తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. కె.ఎస్. కృష్ణన్ సంచాలకులుగా ఉన్న ఆ సంస్థ భవనం 1950 జనవరిలో ప్రారంభమైంది. 1954లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి అక్కడ వర్ణపట శాస్త్రంలో కె. రంగధామరావు నెలకొల్పిన ఉన్నత సంప్రదాయం ఉంది. అణుభౌతికం మాత్రం కొత్త. ఉపాధ్యక్షుడు వి.ఎస్. కృష్ణ హయాంలో, 1956లో, అణుభౌతిక విభాగం ప్రత్యేకంగా ఏర్పడింది. దానికి జ్ఞానానంద అధిపతి అయ్యారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు నిండబోతున్నాయి. చాలామంది విశ్రాంతి కోరుకునే వయసులో ఆయన పునాదులు తవ్వించారు.

ఆ ఏడాది ఆగస్టు 4న బొంబాయి సమీపంలోని ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం ప్రారంభించింది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో అదే మొదటి రియాక్టర్. నీటి కొలనులో మునిగి ఉండే ఆ రియాక్టర్ విద్యుత్తు ఇచ్చేది కాదు. అది న్యూట్రాన్లు ఇచ్చేది. వాల్తేరులోని బీటా పరిశోధనకూ ఈ న్యూట్రాన్లకూ ఉన్న సంబంధం విడమరచి చెప్పవలసినదే. బీటా కిరణాలు కొలవాలంటే వాటిని వెదజల్లే పదార్థం కావాలి. ప్రకృతిలో దొరికేవి కొద్ది. సాధారణ లోహాన్ని రియాక్టర్‌లో ఉంచితే దాని కేంద్రకాలు న్యూట్రాన్‌ను మింగి రేడియోధార్మికం అవుతాయి. కోబాల్ట్ కోబాల్ట్-60 అవుతుంది. బంగారం బంగారం-198 అవుతుంది. ఈ రెండవదానిలో సగం 2.7 రోజుల్లోనే తరిగిపోతుంది. అటువంటి నమూనా పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి రైల్లో చేరేసరికే గణనీయంగా క్షీణించి ఉంటుంది. పెట్టె విప్పిన క్షణం నుంచి గడియారంతో పోటీ పడవలసిందే. సొంత రియాక్టర్ గాని, సైక్లోట్రాన్ గాని లేని విశ్వవిద్యాలయం అణుభౌతికంలో ప్రపంచస్థాయి కొలతలు చేయడానికి అందుబాటులో ఉన్న దారి ఇదొక్కటే: న్యూట్రాన్లు వేరొకచోట తమ పని చేసిపెడతాయి, ఫలితాన్ని ఇక్కడ కొలుస్తారు. స్వామి తన అనుభవానికి సరిగ్గా సరిపోయే దారినే ఎన్నుకున్నారు.

కాలం కూడా కలిసి వచ్చింది. 1956లో లీ, యాంగ్ అనే ఇద్దరు సిద్ధాంతవేత్తలు, బీటా క్షయంలో ప్రకృతి కుడి ఎడమల భేదం చూపవచ్చునని ప్రతిపాదించారు. ఆ మరుసటి ఏడాదికల్లా చియన్-షియుంగ్ వూ బృందం కోబాల్ట్-60 ఉపయోగించి దాన్ని నిరూపించింది. బీటా క్షయానికి సరైన సూత్రం ఇచ్చినవారిలో భారతీయుడైన ఇ.సి.జి. సుదర్శన్ ఉన్నారు. 1930లలో లివర్‌పూల్‌లో స్వామి చేపట్టిన అంశం, ఆయన వాల్తేరులో విభాగం తెరిచిన నాటికి భౌతికశాస్త్రం నడిబొడ్డున నిలిచింది. బీటా, గామా కిరణాల అధ్యయనం ఆ విభాగానికి చిరకాలం గుర్తింపు తెచ్చింది. ఆయన వద్ద శిక్షణ పొందినవారు, వారి శిష్యులు ఆ పరిశోధనను ముందుకు తీసుకువెళ్లారు.

1965 వరకు ఆయన ఆ బాధ్యతలో కొనసాగారు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఆయన పేరు పెట్టుకున్న అణు పరిశోధన ప్రయోగశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. గురువు చాడ్విక్ ఆయన తరువాత మరో అయిదేళ్లు జీవించి, 1974 జులైలో మరణించారు.

స్వామి చూడని కాలంలో న్యూట్రాన్ మూలాలు ఎంతో పెరిగాయి. 1985 ఆగస్టులో ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ పని ప్రారంభించింది. దాని చుట్టూ అమర్చిన పరికరాల వద్దకు దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధకులు వచ్చి తమ నమూనాలను పరీక్షించుకుంటారు. విదేశాల్లో భారీ త్వరణ యంత్రాలతో ప్రోటాన్లను బరువైన లోహాలపైకి పంపి న్యూట్రాన్లను రాబట్టే కేంద్రాలు వెలిశాయి. ఆ యంత్రాల్లో ప్రోటాన్లు ప్రయాణించే గొట్టాలన్నీ అధిక శూన్యంలోనే ఉండాలి. న్యూట్రాన్లతో పదార్థాల అంతర్నిర్మాణాన్ని తెలుసుకునే పద్ధతులకు బెర్‌ట్రామ్ బ్రాక్‌హౌస్, క్లిఫర్డ్ షల్ 1994లో నోబెల్ బహుమతి పొందారు. ఎక్స్‌రే పరమాణువులోని ఎలక్ట్రాన్లను చూస్తుంది కనుక ఒకే ఒక ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ దానికి దాదాపు కనబడదు. న్యూట్రాన్ కేంద్రకాన్నే చూస్తుంది. సాధారణ ఎక్స్‌రే కిరణ వివర్తనం ఉక్కు ఉపరితలం దగ్గరే ఆగిపోతే, న్యూట్రాన్ కొన్ని సెంటీమీటర్ల లోతుకు వెళ్తుంది. పట్టాను చల్లార్చి, సాఫు చేసిన తరువాత దాని తలభాగంలో ఏ మేరకు ఒత్తిడి దాగి ఉందో, కోయకుండానే కొలవడానికి పలు దేశాల్లో ఈ పద్ధతినే వాడుతున్నారు.